మేనమామ మందు

కోదాడ,
10 మార్చి 2012

సువర్ణక్కా,

ముందు నీ మీద ఒక ఫిర్యాదు. మొన్న ఫోన్ చేసి, "ఇంకా సదువు ఒడవలేదా తమ్మీ, ముసలోడివైతున్నవ్" అన్నావు. నువ్వొక్కదానివి అంటే పడేవాణ్ణే. బావ ఎప్పటిలాగే లౌడ్‌స్పీకర్ పెట్టి ఉన్నాడు. మీ అత్త నవ్వింది, మీ మందలో మేకపోతు కూడా ఏదో అంది. ఇక నుంచి నాకు చెప్పాల్సినవన్నీ ఉత్తరంలో రాయి. పదో తరగతిలో తెలుగులో ఫస్టు వచ్చినదానివి, ఆ చేతిరాతను గొర్రెల పాలు చెయ్యకు.

చదువు ఎందుకు ఒడవలేదో చెబుతాను. మా కాలేజీకి ఒక యంత్రం వచ్చింది. ఎం.ఫార్మసీలో నా ప్రాజెక్టు దాని మీదే. ఒక తెల్లటి పొడి ఉంటుంది, పాలిమర్ అంటారు. దాన్ని స్పిరిట్‌లో కలిపితే జిగురవుతుంది. ఆ జిగురును సిరంజిలో పోసి, సూదికి వేల వోల్టుల కరెంటు పెడతాం. ఎదురుగా అల్యూమినియం రేకు ఉంటుంది. సూది మొన దగ్గర చుక్క కాసేపు వణికి, కంటికి కనబడనంత సన్నని దారమై రేకు మీదికి దూకుతుంది. అట్లా వదిలేస్తే రేకు మీద తెల్లటి పొర కడుతుంది. అమ్మ గొంగడి కోసం కదురు తిప్పుతూ ఉన్ని వడికేది గుర్తుందా? అదే పని నేను కరెంటుతో చేస్తున్నాను. మా సార్ దీన్ని నానోఫైబర్ అంటాడు. అమ్మ చూస్తే ఇంత పల్చటి దారంతో గొంగడి ఎట్లా నేస్తారురా అని తిట్టేది.

దీంతో గొంగడి నేయరు, మందు వేస్తారు. నాలుక మీద పెడితే రెప్పపాటులో కరిగిపోతుంది. నీళ్లు వద్దు, మింగే పని లేదు. నీ బిడ్డ ప్రత్యూషకు ఫిట్స్ వచ్చి పళ్లు బిగబట్టినప్పుడు మాత్ర ఎక్కడ వేస్తాం? కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు తాగించేటప్పుడు నాన్న గొర్రె మూతి పక్క నుంచి వేలు దూర్చేవాడు చూడు, అట్లా చెంపకూ చిగుళ్లకూ మధ్య దీన్ని పెడితే చాలు. అక్కడి తడికే కరిగి మందు నేరుగా రక్తంలోకి పోతుంది. సార్ చాలా టాపిక్‌లు చూపించి ఏది కావాలని అడిగితే, మిగతావాటి వంక చూడకుండా ఇది తీసుకున్నాను. ఎందుకో నీకు చెప్పనక్కరలేదు.

నాతో పాటు చదివే దేవ్‌సింగ్ అని ఉన్నాడు, నేరేడుచర్ల దగ్గరి తండా అతనిది. నిన్న మొదటిసారి పొర చిరగకుండా రేకు నుంచి ఊడి వస్తే ఇద్దరం ల్యాబ్‌లో చిందులేశాం. అందులోంచి నీ గోరంత ముక్క కాగితంలో మడిచి పంపుతున్నాను. నీ తమ్ముడు ఏం చేస్తున్నాడో చూసుకో, ఇంకోసారి ముసలోడు అనకు.

నీ
ఐలన్న


సూర్యాపేట దగ్గర,
2 ఏప్రిల్ 2012

చదువు ఒడవని తమ్ముడికి, చదువు మధ్యలో ఆగిన అక్క రాసేది.

నీ ఉత్తరం సూర్యాపేటలో మా ఆడబిడ్డ సరళ ఇంట్లో పడి ఉండి, మీ బావ ఉప్పుకూ బియ్యానికీ పోయినప్పుడు వచ్చింది. ఇప్పుడు మా మంద ఇక్కడి చేన్లలో ఉంది. కోతలైన రైతులు ఎరువు కోసం పిలుస్తారు, ఒక్కో చేనులో కొన్ని రాత్రులు మందను కడతాం, తర్వాత ఇంకో చేను. మాడుగులపల్లికి మళ్లేది వానలు పడ్డాకే. అప్పటిదాకా సరళ ఇంటి అడ్రసుకే రాయి.

ప్రత్యూషకు ఇక్కడ బడి లేదు, ఆమెకు అంతకంటే సంతోషం లేదు. ఒక గొర్రెపిల్లకు నీ పేరు పెట్టింది. అది కూడా ఎంత పిలిచినా రాదు, అందుకని.

మొన్న ఒకసారి పిల్లకు ఫిట్స్ వచ్చాయి. ఆ గొర్రెపిల్ల వెంట ఉరుకుతూ ఉరుకుతూ పడిపోయింది. మా అత్త ఇనుప తాళంచెవి పిడికిట్లో పెట్టింది. మీ బావ ఉల్లిగడ్డ వాసన చూపించాడు. నేను ఎత్తుకుని రోడ్డు వైపు ఉరికాను. ఇక్కడ రోడ్డుకు పోవాలంటే చేన్లు దాటాలి. నా చేతుల్లో పిల్ల గిలగిల కొట్టుకుంటుంటే నా కాళ్లు ఎక్కడ పడుతున్నాయో నాకే తెలియలేదు. రోడ్డు వచ్చేలోపు తగ్గింది. తగ్గాక ఆ గట్టు మీదే కూర్చుని ఏడ్చాను. అప్పటినుంచి మా అత్త పద్మమ్మ ఒకటే మాట అంటోంది. ఆ మాట ఇందులో రాయను.

నువ్వు పంపిన ముక్కను భద్రంగా పెట్టాను. ఎక్కడ అని అడగకు, చదువుకున్నవాళ్లు నవ్వుతారు. దాన్ని చూసినప్పటి నుంచి గుండెలో కొంచెం ధైర్యం వచ్చింది. అమ్మ ఉండి ఉంటే నీ వీపు నిమిరేది. ఇట్లాంటివి నెలకు ఎన్ని చేయగలవు?

నీ అక్క
సువర్ణ


కోదాడ,
8 జులై 2012

అక్కా,

ఆలస్యానికి తిట్టు, పడతాను. ఎండాకాలమంతా కరెంటు కోతలు. దారం మంచిగా వస్తున్నప్పుడే కరెంటు పోయేది, సూది మొన దగ్గర జిగురు గడ్డకట్టేది, మళ్లీ మొదటికి. వానలు పడ్డాయి, కోతలు కొంచెం తగ్గాయి అనుకుంటే ఇంకో తంటా. ఈ పాలిమర్‌కు తడి అంటే ప్రాణం. గాలిలో ఉన్న చెమ్మను లాక్కుని పొర మొత్తం బంకైపోతోంది. పొద్దున తెల్లగా తీసిపెట్టింది సాయంత్రానికి చేతికి అంటుకుంటోంది. సార్ తలుపులన్నీ మూయించి, "వానాకాలం పొయ్యేదాక నీ ప్రాజెక్టును గూడ దుప్పటి కప్పి పండబెట్టు" అన్నాడు. ల్యాబ్‌లో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నెలకు ఎన్ని చేయగలవని అడిగావు. ఈ నెల ఒక్కటి కూడా రాలేదు. నీకు పంపిన ముక్క కూడా ఈపాటికి బంకై ఉంటుంది, పారెయ్.

మందతో ఊరికి మళ్లారా? ఫిట్స్ రాకుండా మిర్యాలగూడ డాక్టరిచ్చిన సిరప్ ప్రత్యూషకు పొద్దునా రాత్రీ పడుతోందా? పోయిన ఉత్తరంలో అడగడం మరచిపోయాను. ఎంత పోస్తున్నావో రాయి.

ఐలన్న


మాడుగులపల్లి,
5 ఆగస్టు 2012

మా ఇంటి డాక్టరు ఐలన్నకు,

ఈ ఉత్తరం చదివి ఎంత కావాలంటే అంత నవ్వుకో. నేను ఏడుస్తూ రాస్తున్నాను, సంతోషంతో.

నీ ముక్కను ఎక్కడ పెట్టానో ఇప్పుడు చెబుతాను. ప్రత్యూష మెడలో మల్లన్న గుడి పసుపు, బండారి ఉన్న తాయత్తు ఉంది కదా, రాగిది, మూత తిరిగేది. అందులోంచి సగం బండారి తీసి నీ ముక్కను చుట్టి పెట్టాను. ఇల్లయినా, చేనైనా, బడైనా, పిల్ల ఎక్కడుంటే మందు అక్కడ ఉండాలి. నువ్వైతే దాన్ని రేకులో చుట్టి అల్మారాలో దాచేవాడివి. ఫిట్స్ అల్మారా దగ్గరే వస్తాయా?

పోయిన బుధవారం పొద్దున బడికి పోతూ వాకిట్లో పడింది. పళ్లు బిగిసిపోయాయి. నేను తాయత్తు మూత తిప్పాను. నువ్వు చెప్పినట్టే బంకైంది, బండారి అంటి పచ్చగా ఉంది. పారెయ్యమన్నావు గానీ, పాతదైతే మాత్రం మందు మందు కాకుండా పోతుందా అనుకున్నాను. చిటికెన వేలితో గీకి చెంప లోపల రాశాను. చెబితే నమ్మవు, కాసేపటికే పిల్ల చేతులు మెత్తబడ్డాయి. కళ్లు తెరిచి, "అమ్మా, నా చెప్పులేవి?" అంది.

మా అత్త చూరు కింద నిలబడి చూస్తోంది. "అయ్యో నా మల్లన్నా, మేనమామే మందైండు గదనే!" అని ఆ తాయత్తును కళ్లకద్దుకుంది. వాడంతా తెలిసిపోయింది. దీనికి పేరు కూడా పెట్టారు, మామ మందు. మీ బావ బీరన్న ఎంత గర్వంగా తిరుగుతున్నాడంటే, యంత్రం ఆయనే తిప్పాడేమో అనుకోవాలి. ఆటో నడిపే గోప్యా లేడూ, వాళ్ల తమ్ముడికీ ఈ రోగమే, ఒక ముక్క ఇప్పించమని ఇంటికొచ్చి అడిగాడు.

ఇంకో మంచి మాట. సిరప్ మానేశాం. అది తాగితే పిల్ల బడిలో కూర్చున్నచోటే నిద్రపోతోందని పంతులమ్మ రోజూ చెబుతోంది. "మామ మందు ఉండంగ దినాం గది ఎందుకే" అని మీ బావ కూడా అన్నాడు. ఇప్పుడు చురుగ్గా ఉంది, ఎక్కాలు గడగడ చెబుతోంది.

వానలు తగ్గగానే తాజాది చేసి పంపు.

మురిసిపోతున్న నీ అక్క
సువర్ణ


కోదాడ,
9 ఆగస్టు 2012

అక్కా,

ఆ పొరలో మందు లేదు.

ఎప్పుడూ లేదు. దారం సరిగ్గా వస్తోందో లేదో చూడటానికి ముందు ఉత్త పాలిమర్‌తో వడుకుతాం. నీకు పంపింది ఆ ఉత్త పొర. మందు ఉన్నదాన్ని ఎవరూ కాగితంలో మడిచి పోస్టు చేయరు. అది నాకు తెలుసు కాబట్టి నీకూ తెలుసనుకున్నాను. మందు లేదు అని రాయాలన్న ఆలోచనే నాకు రాలేదు. నాకు ఆ రోజు నీ మెప్పు కావాలి, అంతే.

ప్రత్యూషకు ఆ పొద్దున ఫిట్స్ వాటంతట అవే ఆగాయి. చాలాసార్లు అట్లాగే ఆగుతాయి, చేనులో ఆగినట్టు. నువ్వు బంక రాయకపోయినా ఆగేవి. ఎప్పుడో ఒకసారి ఆగనివి వస్తే, నువ్వు చెంపలో బంక రాసి ఎదురుచూస్తూ కూర్చుంటావు.

సిరప్ ఈ ఉత్తరం అందిన పూటే మొదలుపెట్టు. దాన్ని అట్లా ఉన్నట్టుండి మానకూడదు, మానితే ఇంకా గట్టిగా వస్తాయి. నిద్ర ఎక్కువవుతోందని మిర్యాలగూడ డాక్టరుకు చెబితే ఎంత పోయాలో సరిచేస్తాడు.

నీ ఉత్తరం చదవగానే ఫోన్ చేశాను. బావ ఎత్తి, "మా డాక్టరు బామ్మర్ది!" అని అరిచాడు. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. అంతా బాగేనా అని అడిగి పెట్టేశాను. ఆదివారం వస్తున్నాను. అందరి ముందూ నేనే చెబుతాను.

ఐలన్న


మాడుగులపల్లి,
14 ఆగస్టు 2012

ఐలన్నా,

వచ్చావు, మందలోంచి యాటను కోసి పెడితే తిన్నావు, పోయావు. నువ్వు నోరు తెరిచినప్పుడల్లా నీ కాలు తొక్కింది నేనే. ఎందుకు తొక్కానో బస్సు దగ్గర చెబుదామంటే మీ బావ నీ సంచి మోసుకుంటూ పక్కనే ఉన్నాడు. నీ మొఖం చూస్తే కూర ముద్ద గొంతులో ఇరుక్కున్నట్టుంది. మా అత్త అది చూసి, "పిలగాడు సదివి సదివి చిక్కిండు" అని ఇంకో గంటె వేసింది.

నీ మీద కోపం లేదనను. ఉంది. గోరంత ముక్క పంపి, అందులో ఏముందో ఏం లేదో చెప్పని చదువు ఏం చదువు? ఉత్తరమంతా చెంపలో పెట్టు, చిగుళ్ల దగ్గర పెట్టు అని రాశావు. అది చదివిన తల్లి ఏమనుకుంటుంది? సరే, అది అయిపోయింది.

ఏప్రిల్‌లో రాయనన్న మాట ఇప్పుడు రాస్తున్నాను. మా అత్త పిల్లకు వాత పెట్టాలంటోంది. నుదుటి మీదా, రెండు కణతల మీదా. గొర్రె గిరగిర తిరిగి పడిపోతే కాల్చిన ఇనుముతో పెడతారు చూడు, అట్లా. నువ్వు తిట్టుకోవద్దు. ఆమె చెడ్డది కాదు. పిల్ల పడిపోయిన రోజు ఆమె అన్నం ముట్టదు. మీ బావకు చిన్నప్పుడు ఫిట్స్ వస్తే ఆమె అత్త వాత పెట్టిందట. ఆయన ఎడమ కణత మీది మచ్చ అదే. ఆ తర్వాత మళ్లీ రాలేదట. ఆమె కళ్లారా చూసింది. ఏం చెప్పి కాదనను? మిర్యాలగూడ డాక్టరుతో చెప్పిద్దామని ఒకసారి తీసుకుపోయాను. ఆయన అందరి ముందూ ఆమెను గదమాయించాడు. "నేను నా మనుమరాలిని సంపుకుంటనా?" అని ఏడ్చుకుంటూ వచ్చి, ఇక ఆ గడప తొక్కనంది.

మేము చేన్లలో ఉన్నప్పుడే ఇనుము తీసింది. పిల్ల ఆ ఇనుము చూసి నా కొంగు కింద దూరింది. అప్పుడే నీ ముక్క వచ్చింది. "మా తమ్ముడు మందు చేసి పంపిండు, గిది ఉండంగ వాత ఎందుకత్తా" అన్నాను. ఆమె కాసేపు ఆ తెల్ల ముక్కనే చూసి, ఇనుమును సంచిలో పెట్టేసింది. ఇప్పుడు అది మా ఇంటి చూరులో చెక్కి ఉంది. నువ్వు నోరు తెరిచి అందులో ఏమీ లేదని ఉంటే, నువ్వు బస్సు ఎక్కేలోపు అది చూరులోంచి దిగేది.

అందుకని అడుగుతున్నాను. ఇంకో ముక్క పంపు, ఉత్తదే పంపు. ఏమీ లేదని నాకు తెలుసు, వాళ్లకు తెలియకపోతే చాలు. సిరప్ మళ్లీ మొదలుపెట్టాను, ఎవరూ చూడకుండా. సీసా తవుడు డబ్బా వెనక దాచాను. మిగిలింది సగానికి పైనే ఉంది.

ఇది తప్పని నాకూ తెలుసు. ఇంతకంటే మంచి దారి ఒక్కటి చెప్పు, ఇది మానేస్తాను.

సువర్ణ


కోదాడ,
1 సెప్టెంబరు 2012

అక్కా,

మంచి దారి చెప్పమన్నావు. ఇన్నాళ్లూ వెతికాను, దొరకలేదు.

నీకు ఒకటి చెప్పాలి. మందు కలిపిన పొర మా దగ్గర ఉంది. ఈ మధ్య గదిలో చెమ్మ తగ్గించే ఏర్పాటు చేసుకుని, ఫిట్స్ ఆపే మందు కలిపి కొన్ని వడికాం. ఉత్తది ఎందుకు, అదే పంపితే పోలా అనుకున్నాను. దేవ్‌సింగ్ ఆ పొరను ముక్కలు చేసి పరీక్ష చేశాడు. ఒకే పొరలో ఒక ముక్కలో మందు రెట్టింపు ఉంది, పక్క ముక్కలో సగం కూడా లేదు. దారం ఎక్కడ మందంగా పడిందో, ఎక్కడ పలచగా పడిందో కంటికి తెలియదు. తక్కువ పడితే పిల్లకు ఏమీ కాదు, రోగం తగ్గదు. ఎక్కువ పడితే ఊపిరి మందగిస్తుంది. అయినా ఒక ముక్క చేతిలోకి తీసుకున్నాను. దేవ్‌సింగ్ నా చెయ్యి చూసి, "నీ సొంత బిడ్డ అయితే పెడ్తవా?" అన్నాడు. మళ్లీ డబ్బాలో పెట్టేశాను. నేను చదివింది అంతవరకే వచ్చి ఆగింది అక్కా. పిల్ల చెంప దాకా ఇంకా చాలా దూరం ఉంది.

మీ అత్తతో మాట్లాడదామని రాత్రింబవళ్లు మాటలు కూడగట్టాను. ఆమె గంటె పట్టుకుని నా కంచం వైపు వంగడం గుర్తొస్తే ఒక్క మాట కూడా మిగలదు.

ఇందులో రేకులో చుట్టి ఉత్త పొర పెట్టాను. పంపకూడదని తెలుసు. పంపకపోతే ఏమవుతుందో కూడా తెలుసు కాబట్టి పంపుతున్నాను. ఒక్క మాట నాకివ్వు. పిల్ల పడిపోతే ముందు గోప్యాకు ఫోన్ చేయించు. ఆటో బయల్దేరాక, చూసేవాళ్ల కోసం కావాలంటే ఈ పొర పెట్టు. ఆటో ముందు, పొర తర్వాత. సిరప్ తగ్గుతుంటే చెప్పు, నేనే తెచ్చిస్తాను.

ఐలన్న


మిర్యాలగూడ,
17 అక్టోబరు 2012

తమ్మీ,

నిన్న నువ్వు ఆసుపత్రికి వచ్చి మంచం పక్కన కూర్చుని, "ఏం జరిగిందక్కా?" అని ఎన్నిసార్లు అడిగావో. నోరు తెరిస్తే ఏడుపు తప్ప ఏదీ రాదని ఊరుకున్నాను. నువ్వు అడిగి అడిగి కోదాడ బస్సెక్కావు. ఇప్పుడు ప్రత్యూష నిద్రపోతోంది. మీ బావ చాయ్‌కి పోయాడు. నర్సమ్మను అడిగి కాగితం తీసుకున్నాను.

సిరప్ అయిపోయింది. ముందు అది చెబుతాను. సీసా అడుగుకు వస్తుంటే మీ బావను తెమ్మని అడగలేను, మామ మందు ఉండగా అదెందుకంటాడు. నీకు చెబుదామని ఫోన్ అడిగి తీసుకున్నాను. ఆయన లౌడ్‌స్పీకర్ నొక్కి నా చేతికిచ్చాడు. నువ్వు "అంతా మంచిదేనా అక్కా?" అన్నావు. నేను "మంచిగనే ఉన్నం" అన్నాను. గుర్తుందా? ఉత్తరం రాద్దాం, రేపు రాద్దాం అనుకుంటూ పొలాల్లో వరసగా మునుం పట్టే పనుల్లో పడ్డాను. ఉన్నదాన్నే సగం సగం పోశాను. సీసాలో నీళ్లు పోసి కడిగి ఆ నీళ్లు కూడా తాగించాను.

సోమవారం గొర్లకు నట్టల మందు తాగిస్తున్నాం. అందరం దొడ్డి దగ్గరే ఉన్నాం. ప్రత్యూష గొర్రెలను ఒక్కొక్కటే తోలి ఇస్తోంది. ఇస్తూ ఇస్తూ వాటి మధ్యనే పడింది. గొర్రెలు చెదిరిపోతే గానీ మాకు కనబడలేదు.

నీకిచ్చిన మాట నిలబెట్టుకుందామని మొదట అన్న మాట అదే. "గోప్యాకు ఫోన్ కొట్టు" అన్నాను. మీ బావ పిల్ల తలను ఒళ్లో పెట్టుకుని, "మామ మందు ఉండంగ ఆటో ఎందుకే? ముందుగాల గది పెట్టు!" అన్నాడు. అందరూ నన్నే చూస్తున్నారు. తాయత్తు మూత తిప్పి, రేకు విప్పి పెట్టాను. ఈసారి బంక కాలేదు. తెల్లగా, పల్చగా, నువ్వు రాసినట్టే రెప్పపాటులో కరిగిపోయింది. అంత మంచిగా చేశావు తమ్మీ.

ఇక అందరూ చుట్టూ కూర్చున్నారు. "జర దూరం జరుగుండ్రి, గాలి ఆడనియ్యుండ్రి. మందు ఎక్కుతది" అని మా అత్త అందరినీ సముదాయించింది. ఒకరు కూడా కంగారు పడలేదు. అంత నమ్మకంగా ఎదురుచూశారు. నేను కూడా ఆగాను. అందులో ఏమీ లేదని తెలిసినదాన్ని అక్కడ నేనొక్కదాన్నే. అయినా వాళ్ల మొఖాలు చూస్తూ చూస్తూ, ఎక్కుతుందేమో, పోయినసారి ఆగింది కదా అనుకున్నాను. ఎంతసేపు ఆగానో తెలియదు. ఆ కాసేపటిని నేను ఇక ఎవరికీ చెప్పుకోలేను, నీకు తప్ప.

పిల్ల పెదాలు నల్లబడ్డాయి. అప్పుడు అరిచాను. "అండ్ల ఏం లేదు! గది ఉత్తదే!"

మీ బావకు అర్థం కాలేదు. "ఏమంటున్నవే సువర్ణా, పిచ్చిలేసిందా?" అన్నాడు.

"మందు లేదు. ఎన్నడూ లేదు. నాకు ఎరుకే. ఆటో పిలువు, నీ కాళ్లు మొక్కుతా!"

గోప్యా ఆటో మనుషులను ఎక్కించుకుని నేరేడుచర్ల పోయింది. నట్టల మందు తెచ్చిన మనిషి బండి మీద, మధ్యలో పిల్లను పెట్టుకుని వచ్చాం. దారి పొడుగునా కొట్టుకుంటూనే ఉంది. ఇక్కడ ఇంజక్షన్ ఇచ్చాక ఆగింది.

నిన్న నువ్వు చూసినప్పుడు నిద్రలో ఉంది కాబట్టి నీకు తెలియలేదు. లేచినప్పుడు చూస్తుంది, నన్ను గుర్తుపడుతుంది, "అమ్మ" అంటుంది. అంతే. ఇవాళ పొద్దున మంచం కింద తన చెప్పుల వైపు చూపించి ఏదో అడగబోయింది. నోరు కదిలింది, మాట రాలేదు. రాకపోయేసరికి ఏడ్చింది. ఎక్కాలు అడగడానికి నాకు ధైర్యం లేదు. డాక్టరు, "మెల్లెమెల్లెగా రావచ్చు, చూద్దాం" అన్నాడు. ఎన్ని రోజులకు అంటే తల అడ్డంగా ఊపాడు. ఆయనకూ తెలియదేమో.

మీ బావ ఎడమ కణత మీది మచ్చను రుద్దుకుంటూ కూర్చుంటున్నాడు.

మా అత్త ఇక తొక్కనన్న ఈ గడప తొక్కి వచ్చింది. పిల్ల పాదాలు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆమె వాత మాట ఎత్తుతుందని, ఎత్తితే ఏమనాలో అని నేను లోపల లోపల మాటలు వెతుక్కుంటున్నాను. ఆమె నన్ను చూసి మెల్లగా అంది, "నా ఇనుము పక్కకు పెట్టిపిస్తివి. నీ తమ్ముని మందేమో ఉత్తదంటివి. నేను రెండూ నమ్మితిని బిడ్డా. ఇగ పిల్ల పడ్డప్పుడు నేనేం జెయ్యాలె, నువ్వే చెప్పు."

ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాను. ఇద్దరం పిల్ల ఊపిరి తీయడం చూస్తూ ఉండిపోయాం.

నీ యంత్రం ఆపమని నేను అనను. ఎప్పుడో ఒకనాడు ఏ ముక్క తీసినా ఒక్కతీరుగా మందు ఉండే పొర వస్తే, అది ఎవరి పిల్ల చెంపలోనైనా కరిగితే, నేను సంతోషపడతాను. అప్పటిదాకా దాని సంగతి నాకు రాయకు. నేను చదవలేను.

ఆదివారం వస్తానన్నావు కదా. వచ్చేటప్పుడు సిరప్ సీసాలు తీసుకురా. సంచిలో దాచి తేవద్దు. చేతిలో పట్టుకుని రా, అందరి ముందూ మా అత్త చేతికివ్వు. పొద్దున ఎంత, రాత్రి ఎంత పోయాలో ఆమెకే చెప్పు. ఆమెకు చేతుల్లో ఏదో ఒకటి ఉండాలి.

సువర్ణ